జాతి పేరులో ఇనుము లేదు

"నాటుదాని కండల ఇనుముంటది, జెర్సీదాని కండల నీళ్లుంటయి." ఈ మాట ఇప్పుడు ఊళ్లోనూ పట్నంలోనూ ఒకే ధీమాతో తిరుగుతోంది. పాల వ్యాపారం చేసేవారు అంటారు, గోశాలల్లో ప్రసంగించేవారు అంటారు, సేంద్రియ సేద్యం శిబిరాల్లో మైకు పట్టుకున్నవారు అంటారు. విచిత్రమేమంటే, పెద్దకూర తినేవారూ తలూపుతారు. తినేవారికీ తిననివారికీ ఇంత ఏకాభిప్రాయం కుదిరిన విషయం మన దగ్గర ఇంకొకటి లేదేమో. ఇంతమంది ఒప్పుకున్నారు కాబట్టే దీన్ని ఒకసారి గట్టిగా దులపాలి. మాంసంలోని ఖనిజాల మీద పశువు వంశం ప్రభావం ఉంది, అది కొలిచి చూపిన సంగతే. అయితే ఆ ప్రభావాన్ని జాతి పేరులో వెతికితే దొరకదు. జాతి పేరు వినగానే ఇనుము, జింకు లెక్కలు చెప్పేవారు చెప్పేది జాతకం.

కామారెడ్డి జిల్లా పడమటి కొసన ఉన్న డోంగ్లి ఈ వాదనకు సరైన చోటు. 2022లో మద్నూరు నుంచి విడదీసి దీన్ని మండలం చేశారు. ఒక పక్క మహారాష్ట్రలోని దెగ్లూర్, ఇంకో పక్క కర్ణాటకలోని బీదర్ జిల్లా. నల్లరేగడి నేల, పత్తి, సోయా, కంది. మాటలో తెలుగు, మరాఠీ, కన్నడం కలిసినట్టే ఈ సరిహద్దు కొట్టాల్లో పశువులూ కలుస్తాయి. లాతూర్ జిల్లా ఉద్గీర్ ప్రాంతం పుట్టిల్లయిన దేవణి, నాందేడ్ జిల్లా కంధార్ పేరు మోసే ఎర్ర కంధారి, ఏ రికార్డుకూ ఎక్కని నాటు పశువు, పాల కోసం తెచ్చుకున్న సంకరజాతి ఆవు, వీటితో పాటు బర్రెలు. దేవణిలోనే ఒంటి మచ్చలను బట్టి వన్నెర, బాలంక్య, శేవర అని మూడు తీరులు గుర్తుపడతారు. ఎండకు ఓర్చుకుంటుందని, రేగడిలో గుంటక లాగుతుందని, ఎండు చొప్ప మీదే కాలం వెళ్లదీస్తుందని రైతు దాన్ని మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలు కళ్లతో చూసి చేసింది, దానితో నాకు పేచీ లేదు. కాడి కడితే సత్తువ తెలుస్తుంది, ఎండలో నిలబెడితే ఓర్పు తెలుస్తుంది. కండలో ఇనుమెంతో మాత్రం ఎవరి కంటికీ కనిపించదు. కథలకు చోటు దొరికేది అక్కడే.

ఈ కథలకు చదువుకున్న రూపం కూడా ఉంది. 2016లో గుజరాత్‌లోని జునాగఢ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు గిర్ ఆవుల మూత్రంలో బంగారం కనబడిందని ప్రకటించారు. పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. ఒక లోహం మూత్రంలో కనబడిందంటే అది ఒంట్లోంచి బయటికి పోతోందని అర్థం. అది గిర్ వంశానికే సొంతమైన గుణమని చెప్పాలంటే అదే మేత తిని, అవే నీళ్లు తాగిన వేరే జాతి పశువులను పక్కన నిలబెట్టి కొలవాలి. ఆ పోలిక గురించి అడిగినవారు తక్కువ, బంగారం గురించి ముచ్చటించుకున్నవారు ఎక్కువ. 2021లో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ దేశమంతటా ఆవు విజ్ఞానం మీద పరీక్ష పెడతామని ఒక పాఠ్యసామగ్రి విడుదల చేసింది. దేశీ ఆవు పాలు పసుపు ఛాయలో ఉండటానికి అందులోని బంగారమే కారణమని అందులో రాశారు. గొడవ రేగాక ఆ పరీక్ష వాయిదా పడింది. పాలలో పసుపు ఛాయ కెరోటిన్ వల్ల వస్తుంది, పచ్చిగడ్డి నుంచి వస్తుంది. బర్రె ఆ కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకుంటుంది కాబట్టి దాని పాలు తెల్లగా ఉంటాయి. పసుపే కొలబద్ద అయితే లోకంలో అన్నిటికంటే పసుపు పాలిచ్చే పేరున్న గర్న్సీ, జెర్సీ ఆవులకే బంగారు పతకం ఇవ్వాలి. ఆ పుస్తకం రాసినవారు దీనికి సిద్ధంగా ఉన్నారా?

ఎ2 పాల వాదననూ ఇందులోకి లాగుతుంటారు. బీటా కేసీన్ అనే ప్రోటీన్ గొలుసులో 67వ స్థానంలో ప్రోలీన్ ఉంటే ఎ2, హిస్టిడిన్ ఉంటే ఎ1. మన నాటు ఆవుల్లో ఎ2 ఎక్కువన్నది నిజమే. కానీ అది ఒక ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం సంగతి. దానికీ ఇనుముకూ చుట్టరికం లేదు, జింకుకూ లేదు. ఒక చోట నిజమైన తేడా దొరికిందని దాన్ని పట్టుకుని పశువు ఒళ్లంతా తేడానే అని చాటడం ఈ ప్రచారపు పాత అలవాటు.

మరి వంశానికీ మాంసంలోని ఖనిజాలకూ సంబంధాన్ని నిజంగా ఎవరైనా కొలిచారా? కొలిచారు. మన పశువు మీదే కొలిచారు, కాకపోతే మన దేశంలో కాదు. ఒంగోలు పశువులు పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. ఒంగోలు ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం కాబట్టి అక్కడ వాటికి నెలోర్ అనే పేరు స్థిరపడింది. 1938లో అక్కడ జాతి వంశావళి నమోదు మొదలైంది. 1960ల మొదట్లో జరిగిన ఆఖరి పెద్ద దిగుమతిలో వెళ్లిన కోడెల్లో ఒకదాని పేరు కర్వడి. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. అక్కడి వంశావళి పుస్తకాల్లో ఆ పేరు ఇప్పటికీ తలచుకుంటారు. ఇవాళ బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి, మాంసం మందల్లో సింహభాగం నెలోర్ రక్తమే. 1,100 కిలోల పైచిలుకు తూగిన వయాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ మన రూపాయల్లో నలభై కోట్ల దాకా పలికిందని తెలుగు పత్రికలు మురిసిపోయాయి. ఆ ధర దాని పిండాలకూ సంతానానికీ పలికిన ధర. అందులో ఇనుముకు ఎంత, జింకుకు ఎంత అని లెక్క కట్టినవారు ఎవరూ లేరు.

ఆ లెక్కకు దగ్గరగా వచ్చినవారు బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్తలు. పోలియానా టిజియోటో, ఆమె సహచరులు మూడు వందలకు పైగా నెలోర్ ఎడ్ల వీపు కండ తీసుకుని అందులోని ఖనిజాలను కొలిచి, వాటి జన్యు పటాలతో సరిచూసి 2015లో ప్రచురించారు. వారికి దొరికిన వంశపారంపర్యత విలువలు 0.29 నుంచి 0.36 మధ్య ఉన్నాయి. అంటే ఆ మందలో పశువుకూ పశువుకూ మధ్య కనిపించిన ఖనిజాల తేడాలో దాదాపు మూడో వంతు వంశం నుంచి వచ్చింది, మిగతాది వేరే కారణాల నుంచి వచ్చింది. క్రోమోజోముల మీద ఏ ఒక్క చోటూ ఈ గుణాన్ని గుత్తకు తీసుకోలేదు. ఒక్కో చోటు ప్రభావం కొద్ది శాతాలకు మించలేదు. ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తేనే ఆ మూడో వంతు తయారైంది. దానికి రెండేళ్ల ముందు అమెరికాలో రలూకా మతీస్కు బృందం 2,285 ఆంగస్ పశువుల కండను పరీక్షించింది. అక్కడ ఇనుముకు వంశపారంపర్యత 0.54 వచ్చింది. ఇది పెద్ద సంఖ్యే. ఇనుము విషయంలో తండ్రి కోడె ఏదన్నది చిన్న సంగతి కాదని ఈ రెండు పరిశోధనలూ చెబుతున్నాయి.

చూశారా, వంశం ఉందని మీరే ఒప్పుకున్నారు కదా అని జాతివాదులు ఇక్కడ లేచి నిలబడతారు. కూర్చోమనాలి. ఈ సంఖ్యలు ఒకే జాతి లోపలివి. బ్రెజిల్‌లో పరీక్షించిన పశువులన్నీ నెలోర్, అంటే అన్నీ ఒంగోలు సంతతి. అయినా వాటిలో ఒకదానికీ ఇంకోదానికీ ఇనుములో తేడా ఉంది, ఆ తేడాలో కొంత వంశానిది. ఒంగోలు రక్తమంటే ఒకే మోతాదు ఇనుము అనే మాట నిజమైతే ఆ పరిశోధనలో కొలవడానికి తేడాయే మిగిలేది కాదు. జాతి పేరు కింద దాక్కున్న వైవిధ్యాన్ని ఈ పరిశోధన బయటపెట్టింది. జాతివాదులు దాన్నే తమకు సాక్ష్యంగా పిలుచుకుంటున్నారు.

వంశపారంపర్యత అనే సంఖ్యను తప్పుగా చదవడం మన దగ్గర చదువుకున్నవారికీ అలవాటే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ఒకే రేగడి చేనులో రకరకాల నాటు జొన్న విత్తనాలు కలిపి చల్లామనుకోండి. మొక్కకూ మొక్కకూ ఎత్తులో వచ్చే తేడా చాలావరకు విత్తనానిదే. అవే విత్తనాలను సగం రేగడిలో, సగం చెలకలో చల్లితే? ఒక్కో చేను లోపలి తేడా ఇప్పటికీ విత్తనానిదే, రెండు చేన్ల సగటుల మధ్య తేడా మాత్రం పూర్తిగా నేలది. చేను లోపల విత్తనం పాత్ర నూటికి తొంభై పాళ్లున్నా రెండు చేన్ల తేడా గురించి అది ఒక్క ముక్కా చెప్పదు. ఆంగస్ మందలో 0.54 వచ్చిందంటే అర్థం ఆ మందలో, ఆ మేత మీద, ఆ వయసులో అని. దాన్ని తీసుకొచ్చి దేవణికీ జెర్సీ సంకరానికీ మధ్య తేడాకు అంటగట్టడం అక్షరాలా తప్పు. డోంగ్లి కొట్టంలో దేవణి ఎద్దు చొప్ప తిని పదేళ్లు కాడి మోసింది. పక్కింటి సంకరజాతి ఆవు దాణా తిని నీడపట్టున పాలిచ్చింది. రెండింటి కండలో తేడా కనబడితే అది రక్తానిదా, మేతదా, వయసుదా, పనిదా? వీటిని విడదీయకుండా చెప్పే ఏ మాటా సాక్ష్యం కాదు.

జన్యువులకు ఖనిజాలతో సంబంధమే లేదని వాదించేవారు కూడా ఉన్నారు. వారికీ నాలుగు మాటలు చెప్పాలి. యూరప్‌లో ఫ్రీజియన్ సంతతి దూడల్లో ఒక పుట్టు రోగం ఉంది. పేగు గోడ నుంచి జింకును లోపలికి లాక్కునే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు చెడిపోయి, ఎంత మంచి మేత పెట్టినా దూడకు జింకు అందదు. చర్మం పొక్కులు కట్టి, రోగాలను తట్టుకోలేక చనిపోతుంది. విడిగా జింకు ఎక్కువ మోతాదులో ఇస్తే బతుకుతుంది. అదే జన్యువు చెడిపోతే మనుషుల పిల్లల్లోనూ అలాంటి రోగమే వస్తుంది. రాగి విషయంలో సిమెంటల్, షారోలే పశువుల అవసరం ఆంగస్ కంటే ఎక్కువని పశుపోషణ శాస్త్రంలో చాలాకాలంగా తెలుసు. బెల్జియన్ బ్లూ పశువులో మయోస్టాటిన్ జన్యువు దెబ్బతిని కండలు రెండింతలయ్యాయా అన్నట్టు ఉబ్బుతాయి. ఆ కండలో తెల్ల పోగులు ఎక్కువ, మయోగ్లోబిన్ తక్కువ, అందుకే మాంసం పాలిపోయి ఉంటుంది. ఇవన్నీ వంశం చేసిన పనులే. అయితే వీటిలో ప్రతిదానికీ ఫలానా జన్యువు, ఫలానా ప్రోటీన్, ఫలానా అవయవం అని దారి చూపించగలం, లేదా పక్కపక్కన మేపి చూసిన లెక్క ఉంది. నాటు గొప్పతనం మాటకు ఏ దారీ లేదు, ఏ లెక్కా లేదు. అక్కడ ఉన్నది పెద్ద గొంతు ఒక్కటే.

నిలదీస్తే వారు రక్తాన్ని వదిలి గడ్డి మీదికి జారుకుంటారు. నాటు పశువు నల్లరేగడి గట్ల మీద పచ్చిక మేస్తుంది కదా, మట్టిలోని సారమంతా దాని ఒంట్లోకి వస్తుంది కదా అంటారు. అది జాతి వాదన కాదు, మేత వాదన. అదే గట్టు మీద జెర్సీ సంకరాన్ని మేపినా అదే సారం వస్తుంది. పోనీ మేత వాదననైనా నిలబెట్టుకోగలరా? సెలీనియం విషయంలో నిలబడుతుంది. నేలలో ఎంత ఉంటే గడ్డిలో అంత, గడ్డిలో ఎంత ఉంటే కండలో అంత అనే లెక్క దానికి చాలావరకు నప్పుతుంది. ఇనుముకు నప్పదు. తగినంత అందుతున్న పశువుకు ఇంకా ఇనుము తినిపిస్తే కండలోకి ఎక్కదు, పేగు దగ్గరే ఒళ్లు తలుపు వేసుకుంటుంది. లేమి మాత్రం కనబడుతుంది. యూరప్‌లో తెల్ల దూడమాంసం కోసం దూడలకు ఇనుము బాగా తక్కువున్న పాలు తాగించి రక్తహీనతలోకి నెట్టేవారు. మరీ హద్దు మీరకుండా దూడ రక్తంలో హిమోగ్లోబిన్ ఇంతకు తగ్గకూడదని 1997లో అక్కడ నియమం పెట్టాల్సి వచ్చింది. కాల్షియం సంగతి ఇంకా చిత్రం. మేతలో అది చాలకపోతే పశువు తన బొక్కల్లోంచి తీసి రక్తంలో నిలబెట్టుకుంటుంది. వరిగడ్డి మీదే బతికే మన పశువుల్లో ఖనిజాల కొరత మామూలు విషయం. భాస్వరం చాలని పశువు గుడ్డపీలికలు, ఎముకలు నములుతుంటుంది. మినరల్ మిక్చర్ పెట్టడం పశువు ఆరోగ్యానికి అవసరం, ఈతకు అవసరం, పాలకు అవసరం. దానితో కూరలో ఇనుము పెరుగుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కరలేదు.

మాంసంలో ఇనుమును పెంచేవి, తగ్గించేవి వేరే ఉన్నాయి. వాటి గురించి ఈ గొడవలో ఎవరూ మాట్లాడరు. మొదటిది వయసు. లేత దూడ కండ లేత గులాబీ రంగు, ముదురు ఎద్దు కండ నలుపు తిరిగిన ఎరుపు. ఆ ఎరుపు మయోగ్లోబిన్‌ది, మయోగ్లోబిన్‌లో ఉన్నది ఇనుము. వయసు పెరిగే కొద్దీ కండలో అది పెరుగుతుంది. రెండోది ఏ కండ అన్నది. నిరంతరం పనిచేసే పిక్క, దవడ, గుండెకాయ ఎర్రగా ఉంటాయి. అంతగా పని లేని కండలు పాలిపోయి ఉంటాయి. ఒకే పశువులో రెండు కండల మధ్య ఇంత తేడా ఉండగా రెండు జాతుల సగటు తేడా పట్టుకుని కొట్టుకోవడం దేనికి? కార్జం సంగతి చెప్పనే అక్కరలేదు, ఇనుమునూ రాగినీ దాచుకునే గోదాము అది. కటికాయన కత్తి ఏ కండ దగ్గర ఆగిందన్నదే ముద్దలోకి వచ్చే ఇనుమును నిర్ణయించే వాటిలో ముందు వరుసలో ఉంటుంది.

ఇక మన ముద్దలోకి వచ్చే ఆ పశువు ఏది? ఇక్కడ జాతివాదం పూర్తిగా తేలిపోతుంది. తెలంగాణలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవునూ దూడనూ కోయకూడదు. ఎద్దునైనా, బర్రెనైనా, దున్ననైనా కోయాలంటే అది ఇక సేద్యానికీ పాలకూ ఈతకూ పనికిరాదన్న ధ్రువపత్రం కావాలి. డోంగ్లి దాటి దెగ్లూర్ వైపు అడుగు పెడితే మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దును కోయడమూ నేరమే. బీదర్ వైపు అడుగు పెడితే కర్ణాటక కొత్త చట్టం 2021 నుంచి అమల్లో ఉంది, అక్కడ ఆవు, ఎద్దు కూడదు, పదమూడేళ్లు దాటని బర్రె కూడదు. ఒకే మేతలో తిరిగే పశువుకు మూడు చట్టాలు. ఈ కట్టుబాట్ల మధ్య తెలంగాణలో పెద్దకూరగా అమ్ముడయ్యేది చాలావరకు బర్రె, దున్న మాంసమే, కొంత ముసలి ఎద్దుది. బర్రె అసలు ఆవు జాతే కాదు. ఆవుకు 60 క్రోమోజోములు, మన బర్రెకు 50. దేవణి గొప్పదా, జెర్సీ గొప్పదా అని మనం గొంతు చించుకుంటుంటే పళ్లెంలోకి వచ్చింది మూడో ప్రాణి. ముదురు బర్రె కండ, కాడి మోసిన ఎద్దు కండ రెండూ నలుపు తిరిగిన ఎరుపే. ఇనుము విషయంలో అది పేదల అదృష్టం.

ఆ అదృష్టాన్ని కూడా జాతివాదం వారి నుంచి లాక్కుంటోంది. ముసలి ఎద్దు కూర, గొడ్డుబోయిన బర్రె కూర అంటే సారం పోయిన తిండి అనే చిన్నచూపు మనలో పాతుకుపోయింది. నాటు రక్తం మహిమ గురించి గంటలు గంటలు చెప్పేవారే ఆ పశువు కండను వాడలో వండుకుంటే మొహం తిప్పుకుంటారు. మూత్రంలోని బంగారం పవిత్రమైతే కండలోని ఇనుము ఎందుకు మైల పడింది? వంశగుణం పశువు ఒంట్లో చోటు చూసుకుని పనిచేయదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 57.6 శాతం మందికి, ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కారణాలు అనేకం, మాంసం ఒక్కటే మందు అని నేననను. కానీ మాంసంలోని హీమ్ ఇనుమును ఒళ్లు పదిహేను నుంచి ముప్పై ఐదు శాతం దాకా గ్రహిస్తుందని, ఆకుకూరల, గింజల ఇనుము అంత సులువుగా ఒంటబట్టదని, దాన్ని భోజనం వెంట తాగిన చాయ్ కూడా అడ్డుకుంటుందని పోషకాహార శాస్త్రం ఏనాడో చెప్పింది. పైగా పప్పుతోనో కూరతోనో కాస్త మాంసం కలిపి తింటే ఆ పప్పులోని ఇనుము కూడా మెరుగ్గా ఒంటబడుతుంది. ఈ లెక్కలో దేవణి, ఒంగోలు, జెర్సీ అనే పేర్లకు చోటు లేదు.

చివరి ఆక్షేపణ ఒకటి మిగిలింది. బ్రెజిల్ వారిలా మనమూ ఇనుము ఎక్కువున్న కోడెలను ఏరి సంతతి పెంచుకోవచ్చు కదా, అప్పుడు నాటు జాతి నిజంగానే ఇనుము జాతి అవుతుంది కదా అని కొందరు ఆశపడతారు. కాగితం మీద కుదురుతుంది. నేల మీద కుదరాలంటే తండ్రి కోడె సంతానాన్ని కోసి, కండ తీసి, కొలిచి, ఆ లెక్క మళ్లీ తండ్రి దగ్గరికి చేర్చాలి. అందుకు మాంసం కోసం పెంచే మందలుండాలి. మన ఆవు జాతుల్లో అలాంటి మందలు లేవు, చట్టం ఉండనివ్వదు. గుంటూరు పక్కన లాం ఫారంలోనూ, చదలవాడలోనూ ఒంగోలు జాతిని కాపాడుతున్నది పాలకూ, సేద్యానికీ, జాతి మిగలడానికీ. మంచి పనే అది. కానీ ఆ పశువు కండలో ఏముందో తెలుసుకోవాలంటే ఇప్పటికీ బ్రెజిల్ వారి పత్రాలు తిరగేయాలి. అంతేకాదు, ఒక గుణాన్ని ఏరితే ఇంకొకటి వెంట వస్తుంది. నెలోర్ కండలో ఇనుము మోతాదుకూ కొవ్వు తయారుచేసే జన్యువుల పనితీరుకూ లంకె ఉందని 2016లో అక్కడివారే చూపారు. అంతకు ముందు కాల్షియం, పొటాషియం మోతాదులకూ మాంసం మెత్తదనానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. ఇనుము కోసం కోడెను ఏరినవాడికి దాని వెంట ఏం వస్తుందో తెలియాలి. అక్కడివారు ఏళ్ల తరబడి కొలిచి, ఇంకా జాగ్రత్తగా మాట్లాడుతున్నారు. మనం కొలవకుండానే తీర్పులిస్తున్నాం.

కొలిచే శక్తి మనకు లేదనడానికి వీల్లేదు. హైదరాబాద్‌లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో 528 రకాల తిండి ఉంది. గొడ్డుమాంసం తొడ, జబ్బ, గుండె, కాలేయం, నాలుక అని భాగాల వారీగా ఉంది. కానీ ఆ కండ ఏ జాతి పశువుది, ఎన్నేళ్లది అనే సంగతి ఆ పట్టికలో కనబడదు. చెంగిచెర్ల వారు చిన్న మాంసం ముక్క నుంచి అది ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేల్చగలరు. పళ్లు చూసి వయసు చెప్పడం పశువైద్యులకు చేతనైన పనే. చట్టబద్ధమైన కబేళాల నుంచి బర్రె, దున్న, ఎద్దు కండలు తీసుకుని, ప్రాణి, జాతి, వయసు, మేత, కండ పేరు రాసిపెట్టి, ఇనుము, జింకు, రాగి, సెలీనియం కొలిస్తే చాలు. దేవణి, ఎర్ర కంధారి, బర్రె, సంకరం అన్నీ ఒకే చోట దొరికే డోంగ్లి, మద్నూరు, జుక్కల్ ప్రాంతం ఆ పనికి ముందు వరుసలో ఉండాలి. వచ్చే పట్టికల్లో ఆ వివరాలు చేర్చమని ఈ రెండు సంస్థలనూ, రాష్ట్ర పశుసంవర్ధక శాఖనూ అడుగుతున్నాను. దేవణి నిజంగానే ముందుంటే ఆ మాట మొదట రాసేది నేనే.

ఈలోగా మీ దగ్గరికి వచ్చి ఫలానా జాతిలో ఖనిజాలు నిండుగా ఉన్నాయని ఎవరైనా చెబితే వాదనకు దిగకండి. ఏ పశువు, ఎన్నేళ్లది, ఏం మేసింది, ఏ కండ, దేనితో పోల్చి ఎవరు కొలిచారు అని అడగండి. కాగితం చూపిస్తే చదవండి. చూపించకపోతే వారు చెప్పిన ధర ఇవ్వకండి.